మందలింపు, ఊరడింపు, ఆలకింపు: గజ్వేల్ ప్రాంతంలో మనోవ్యథను వినే మర్యాదల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగునేలపై దాదాపు పరస్పర విరుద్ధమైన రెండు అర్థాల్లో వాడుకలో ఉన్న క్రియ 'మందలించు'. కోస్తా ప్రాంతపు వాడుకలోనూ పత్రికాభాషలోనూ దానికి కోప్పడి బుద్ధిచెప్పడం అని అర్థం. తెలంగాణ పల్లెల్లో అదే మాటకు పలకరించడం, క్షేమం విచారించడం, కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లి పరామర్శించడం అని అర్థం. 'మందల' అంటే సంగతి. ఎవరింట్లోనైనా చావు జరిగితే చుట్టపక్కాలు 'మందలియ్యబోతారు'. ఎవరైనా అలా రాకపోతే 'ఒక్కనాడన్న మందలియ్యలే' అని ఏళ్లతరబడి చెప్పుకుంటారు. ఒక ప్రాంతంలో దండన, మరొక ప్రాంతంలో ఆదరణ. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి ప్రస్తావన.

రెండో మాట 'ఊరుకో'. తెలంగాణలో అది 'ఊకో'. ఏడుస్తున్న మనిషిని దగ్గరికి తీసుకుని 'ఊకో బిడ్డా' అంటే ఓదార్పు. నోరెత్తిన మనిషితో 'ఊకుంటవా లేదా' అంటే గద్దింపు. ఊరకుండు, ఊరుకొను, ఊరడిల్లు, ఊరడించు అనే మాటల పొందికను గమనిస్తే తెలుగులో ఓదార్పూ మౌనమూ ఇరుగుపొరుగు ఇళ్లలోనే కాపురముంటున్నాయని తోస్తుంది. వ్యుత్పత్తి విషయంలో తొందరపడనక్కరలేదు గాని వాడుక చెప్పే సంగతి స్పష్టమే: బాధపడేవారిని ఆదుకోవడం, వారిని మాట్లాడకుండా చేయడం అనే రెండు పనులను ఈ భాష ఒకే మాటతో చేయగలదు.

మనోవ్యథలో ఉన్నవారు నలుగురి మధ్య తమ బాధ చెప్పుకునేటప్పుడు పాటించవలసిన మర్యాదలేమిటి, ఆ మర్యాద ఎవరిని కట్టడి చేయాలి అన్న ప్రశ్న మానసికారోగ్య సేవల చరిత్రలో పదేపదే తలెత్తింది. చెప్పేవారిని అదుపులో పెట్టడమే మర్యాద అని కొన్ని వ్యవస్థలు భావించాయి. వినేవారిని అదుపులో పెట్టడమే మర్యాద అని మరికొన్ని భావించాయి. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడేవరకు గజ్వేల్ మెదక్ జిల్లాలో భాగం. మానసికారోగ్య సేవలను జిల్లా స్థాయికి తెచ్చే ప్రయత్నం దేశంలో తొలిగా జరిగిన జిల్లాల్లో మెదక్ ఒకటి. రైతుల ఆత్మహత్యలు, వాటిపై ప్రభుత్వ విచారణలు, కల్తీ కల్లు సంక్షోభం, జలాశయాల కింద ఊళ్లు ఖాళీ కావడం కూడా ఇక్కడి చరిత్రలో భాగాలే. అందువల్ల ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఈ ప్రాంతం తగిన క్షేత్రం.

రంది, మనాది

వైద్యుల పరిభాషలో కుంగుబాటు, ఆందోళన, మనోవైకల్యం అని వ్యవహరించే స్థితులకు ఇక్కడి ప్రజల దగ్గర వేరే మాటలున్నాయి. అప్పు గురించో బిడ్డ పెళ్లి గురించో లోలోపల తొలిచే చింత 'రంది'. అది ముదిరి తిండి, నిద్ర మాని మనిషి తీసిపోతే 'మనాది'. ఆధివ్యాధులు అనే జంటపదంలో మనోబాధకు పేరైన 'ఆధి' శబ్దంతో దీనికి బంధుత్వం ఊహించవచ్చు. గుండెలో కలిగే భయం 'బుగులు'. ఏమీ తోచని స్థితి 'పరేషాన్'. ఈ పదాల్లో ఏదీ తిట్టు కాదు. రంది పడేవారిని ఊరు వెలివేయదు. మనాదితో పోయినవారిని తలచుకునేటప్పుడు గొంతులో జాలే ఉంటుంది.

'పిచ్చి', 'వెర్రి' అనే మాటలు వేరే వరుసకు చెందినవి. ముద్దుకూ తిట్టుకూ పనికివచ్చే ఈ మాటలు ఒక మనిషికి ఖాయమైన పేరుగా అంటుకున్నప్పుడు మాత్రం ఆ మనిషి మాటకు విలువ పోతుంది. రంది ఉన్నవారు చెప్పేదాన్ని వింటారు, పిచ్చి ఉందన్నవారు చెప్పేదాన్ని వినరు. ఈ సరిహద్దు రోగలక్షణాల మీద కన్నా వినేవారి నిర్ణయం మీదే ఎక్కువగా ఆధారపడింది. తెలుగు సమాజంలో మానసికారోగ్య చరిత్రను ఆసుపత్రులతో కాక ఈ సరిహద్దుతో మొదలుపెట్టడం సముచితం.

మందలియ్యబోవడం

చావు జరిగిన ఇంటికి ఆడవాళ్లు వచ్చినప్పుడు శోకం పెట్టి ఏడవడం తెలంగాణ పల్లెల్లో నిన్నమొన్నటి దాకా సర్వసాధారణం. వచ్చినామె గడప దగ్గర నుంచే రాగమెత్తుతుంది. ఇంటామెను పట్టుకుని, పోయిన మనిషి గుణగణాలు, బంధుత్వం, తాను చివరిసారి చూసిన రోజు, అన్నీ ఆ రాగంలోనే చెబుతుంది. కొంతసేపటికి ఆ ఏడుపు తన సొంత దుఃఖంలోకి మళ్లుతుంది. ఎప్పుడో పోయిన తన తల్లి, తనను చూడని కొడుకు, పండని చేను అందులో చేరతాయి. ఇంటామె దాన్ని అపచారంగా భావించదు. ఆమె కూడా ఏడుస్తూనే బదులిస్తుంది. ఒకరి దుఃఖం మరొకరి దుఃఖానికి చోటివ్వడం ఈ ఆచారంలోని ప్రధాన లక్షణం.

ఈ తంతుకు రాయని నియమాలున్నాయి. శోకం పెట్టేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డురారు. అందులో వచ్చిన మాటను తర్వాత పట్టుకుని నిలదీయరు. అత్తింటివారి మీద నిష్ఠూరం, తోడబుట్టినవారి మీద ఆరోపణ, దేవుడిపై తిట్టు, ఇవన్నీ రాగంలో వచ్చినంతవరకు చెల్లుతాయి. అవే మాటలు రాగం లేకుండా అంటే కొట్లాట అవుతుంది. ఇక ఆపవలసిన సమయం వచ్చినప్పుడు పెద్దవయసు స్త్రీ ఒకామె ముందుకు వచ్చి, చెంబుతో నీళ్లిచ్చి, ముఖం తుడిచి 'ఊకో' అంటుంది. ఆ మాట అనే అధికారం అందరికీ ఉండదు. వయసు, బంధుత్వం, తానూ అలాంటి దుఃఖం చూసిన అనుభవం ఉన్నవారే అనాలి. అందరికన్నా ముందు అంటే తప్పు, ఎంతకీ అనకపోయినా తప్పే. సమయమెరిగి దుఃఖప్రవాహాన్ని నిలపగలగడం ఒక విద్య. ఆధునిక సహాయబృందాల్లో సభను నడిపేవారికి అప్పగించే పనికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

బతుకమ్మ పాటల నిర్మాణంలోనూ ఇటువంటి పద్ధతే కనబడుతుంది. ఒకామె కథ ఎత్తుకుంటే మిగతావారు పల్లవితో ఆమెను నిలబెడతారు. అత్తవారింటి కడగండ్లు ఎన్ని వచ్చినా వలయంలో తిరిగేవారు వ్యాఖ్య చేయరు, సలహా చెప్పరు. కథ వినేవారు ఊ కొట్టాలన్న నియమం లాంటిదే ఇది. ఊ కొట్టడం అంటే ఒప్పుకోవడం కాదు, వింటున్నానని తెలపడం.

అయితే ఈ ఆచారాన్ని ఆదర్శంగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు. శోకం స్త్రీలది. మగవాడు ఏడిస్తే 'ఆడిదాని లెక్క' అన్నారు. అప్పుల్లో కూరుకుపోయిన రైతు తన రందిని చెప్పుకోవడానికి కల్లు దుకాణం తప్ప మరో చోటు మిగలలేదు. పైగా మందలింపు సాధారణంగా కులం, వాడకట్టు హద్దుల్లోనే సాగింది. అన్నిటికీ మించి ఆత్మహత్య జరిగిన ఇంట ఈ మర్యాదలు తలకిందులయ్యాయి. అక్కడ వచ్చినవారు వినడానికి బదులు అడగడం మొదలుపెట్టారు: ఏమైంది, ఎందుకు చేసుకున్నాడు, ఇంట్లో ఏమన్నారు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ శోకం పెట్టవలసిన చోట సంజాయిషీ ఇవ్వవలసి వచ్చింది. పరామర్శ అనే సంస్కృత పదానికి విచారణ, వివేచన అనే అర్థాలున్నాయి. ఆ ఇంట్లో ఆ పాత అర్థమే పైకి తేలింది.

జాల్నా నుంచి ఎర్రగడ్డకు

ఆసుపత్రుల చరిత్రను ఇక్కడ క్లుప్తంగా చూస్తే చాలు. బ్రిటిష్ ఇండియాలో 1858, 1912 చట్టాలు ప్రధానంగా నిర్బంధానికి సంబంధించినవి. 1920ల్లో 'ఉన్మాద శరణాలయం' అనే అర్థమిచ్చే ఆంగ్ల నామాన్ని తొలగించి 'మానసిక వైద్యశాల' అనే పేరు పెట్టారు. నిజాం రాజ్యంలో ఈ వైద్యశాల చాలాకాలం మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. మెదక్ పల్లె నుంచి ఒక మనిషిని జాల్నాకు పంపడమంటే భాష కూడా తెలియని చోటికి పంపడమే. 1950ల్లో అది హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలివచ్చింది. పేరు మారింది, ఊరు మారింది. కాని తెలంగాణ వాడుకలో 'ఎర్రగడ్డ' అనే స్థలనామమే తిట్టుగా స్థిరపడింది. కోస్తాలో విశాఖపట్నం పేరుకు పట్టిన గతి కూడా ఇదే. మర్యాదకరమైన కొత్త పదం పెట్టినంత మాత్రాన అవమానం తొలగదనీ, అది పక్కనున్న మరో పదంలోకి వలసపోతుందనీ ఈ రెండు ఊళ్ల పేర్లు నిరూపిస్తున్నాయి.

ఆసుపత్రిలో రోగి మాట రోగలక్షణంగా నమోదైంది. కోపంగా మాట్లాడితే ఉద్రేకం, మాట్లాడకపోతే స్తబ్ధత. వైద్యానికి ఆ నమోదు అవసరమే కావచ్చు. కాని చెప్పినదాన్ని చెప్పిన అర్థంలోనే తీసుకునే శ్రోత అక్కడ అరుదు. 1940ల తెలుగు నవల ఈ లోటును వైద్యం కన్నా ముందే పట్టుకుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలల్లో మనిషి లోపలి మాట పేజీలకు పేజీలు సాగుతుంది. దాన్ని వినేవాడు పాఠకుడొక్కడే.

1996: మెదక్ జిల్లా

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో రూపుదిద్దుకుంది. దాన్ని జిల్లా స్థాయిలో అమలు చేసే నమూనా, తెలుగువారు గణనీయంగా ఉన్న కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో 1980ల్లో ప్రయోగదశను దాటింది. 1996-97లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో మొదట నాలుగు జిల్లాల్లో ప్రారంభించారు: అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి, ఆంధ్రప్రదేశ్‌లో మెదక్. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, రోగాన్ని తొలిదశలోనే గుర్తించడం, మందులు దగ్గరలో దొరికేలా చూడడం దాని లక్ష్యాలు. ఎర్రగడ్డ దాకా పోనక్కరలేకుండా సంగారెడ్డిలోనో, ఇంటికి దగ్గరలోని ఆరోగ్యకేంద్రంలోనో మందు దొరకాలన్న ఆలోచన ఎంత గొప్పదో చెప్పనవసరం లేదు. ఇంట్లో గొలుసుతో కట్టేసిన మనిషికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దూరాన్ని అది తగ్గించదలచింది. ఆ దూరం ఎంత ప్రమాదకరమో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో తెలిసింది. అక్కడ ఒక ఆశ్రమంలో జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మరణించారు.

అయితే ఆ కార్యక్రమం తీవ్రమైన మనోవ్యాధులను, మూర్ఛను దృష్టిలో పెట్టుకుని నిర్మితమైంది. గుర్తించడం, మందు ఇవ్వడం దాని క్రియలు. వినడం దాని క్రియ కాదు. అది మొదలైన ఏడాది రెండేళ్లకే, 1997-98లో, వరంగల్లు జిల్లాలో పత్తి దెబ్బతిని రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. మెదక్ మెట్టప్రాంతంలోనూ అదే చరిత్ర సాగింది. నది లేని గజ్వేల్ చుట్టుపక్కల మండలాల్లో సేద్యం చెరువు మీద, ఆపైన బోరు మీద ఆధారపడింది. ఒక బోరు ఎండితే మరొకటి, అది పడకపోతే ఇంకొకటి. ప్రతి బోరుకూ ఒక అప్పు. ఈ రందికి ఆరోగ్యకేంద్రంలోని రిజిస్టరులో గడి లేదు. దేశంలో తొలిగా మానసికారోగ్య సేవలు అందిన జిల్లాల్లో ఒకటి, రైతుల ఆత్మహత్యలతో వార్తల్లో నిలిచిన జిల్లాల్లోనూ ఒకటి కావడాన్ని కాకతాళీయమని దాటవేయడం కుదరదు. సేవ వచ్చింది గాని చెవి రాలేదు.

విచారణ ముందు మాట

2004 జూన్ 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు వెలువరించింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సహాయం అందించడానికి అది మార్గం వేసింది. అందులో లక్ష రూపాయలు కుటుంబానికి, యాభై వేలు అప్పుల పరిష్కారానికి. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో మండల, డివిజన్ స్థాయి కమిటీలు మరణకారణాన్ని నిర్ధారించాలి. తెలంగాణ ఏర్పడిన తర్వాత 2015లో 194వ నంబరు ఉత్తర్వు ఈ సహాయాన్ని ఆరు లక్షలకు పెంచింది. నిర్ధారణ పద్ధతి మాత్రం కొనసాగింది.

ఈ కమిటీలు మానసికారోగ్య సంస్థలు కావు. అయినా ఆత్మహత్య జరిగిన ఇంటి మాటను ప్రభుత్వం అధికారికంగా విన్న చోటు చాలాకాలం ఇదొక్కటే. కాబట్టి అక్కడ పాటించిన సంభాషణ మర్యాదలను పరిశీలించడం అవసరం. కుటుంబం చెప్పేది సేద్యం వల్లనే జరిగిందని నిరూపించాలి. తాగుడు, ఇంటి గొడవ, రోగం అనే మాటల్లో ఏదైనా ఒకటి దొర్లితే దరఖాస్తు నిలబడదు. వాస్తవంలో ఇవి విడివిడిగా ఉండవు. పంట పోతే అప్పు, అప్పు వల్ల తాగుడు, తాగుడు వల్ల గొడవ. కాని భార్య ఈ గొలుసును ఉన్నదున్నట్టు చెబితే నష్టపోతుంది. ఆమె తన దుఃఖాన్ని సవరించుకుని చెప్పడం నేర్చుకోవలసి వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రాలు, పంచనామా, శవపరీక్ష నివేదిక అన్నీ సరిపోలాలి. కౌలురైతుకు పాసుపుస్తకం ఉండదు. వడ్డీవ్యాపారి అప్పుకు చాలాసార్లు కాగితమే ఉండదు. తన పేర భూమి లేని మహిళారైతు చనిపోతే ఆమె రైతే కాదు. తెలంగాణలో రైతు స్వరాజ్య వేదిక వంటి సంస్థలు ఈ కుటుంబాల తరఫున ఏళ్లపాటు చేసిన పనిలో పెద్దభాగం ఈ మాటలకు కాగితం రూపం సంపాదించడమే.

ఇక్కడ మర్యాద అంటే అణకువ. అధికారి ముందు గొంతు పెంచిన స్త్రీ దావా బలహీనపడుతుంది. శోకంలో చెల్లిన నిష్ఠూరం ఇక్కడ చెల్లదు. ఊరి ఆచారంలో కోపం దుఃఖానికి ఒక రూపం, విచారణలో అది అవిధేయత. నలుగురిలో మాట్లాడేటప్పుడు సౌమ్యంగా ఉండాలన్న నియమం ఎవరికీ అభ్యంతరకరంగా కనిపించదు. కాని బాధితులకు ఆ నియమాన్ని ముందుగా వర్తింపజేస్తే, దుఃఖం ఎంత పెద్దదైతే నోరు అంతగా మూతపడుతుంది.

2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం రైతుబీమా పథకాన్ని ప్రారంభించింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి ఐదు లక్షలు అందుతాయి. కారణం చెప్పనక్కరలేకపోవడం ఆ కుటుంబాలకు పెద్ద ఊరట. విచారణలోని అవమానం చాలావరకు తొలగింది. అయితే కారణం అడగవలసిన అవసరం పోవడంతో కారణం వినవలసిన అవసరం కూడా పోయింది. సహాయం బ్యాంకు ఖాతాలోకి వచ్చి చేరుతుంది, ఎవరూ ఇంటికి రారు. తెలంగాణ మాటలో చెప్పాలంటే డబ్బు అందింది, మందలింపు అందలేదు. కౌలుదారు కుటుంబానికి డబ్బు కూడా అందలేదు.

వినేవారికి నియమాలు

వినేవారిని కట్టడి చేసే సంప్రదాయం మరో దారిలో వచ్చింది. 1953లో లండన్‌లో చాద్ వారా అనే మతాచార్యుడు ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవారి కోసం ఫోను సేవ ప్రారంభించాడు. తనను కలవడానికి వేచి ఉన్నవారికి స్వచ్ఛంద కార్యకర్తలు టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. వారితో మాట్లాడాక చాలామందికి ఆయనతో పనిలేకుండా పోవడం ఆయన గమనించాడు. సలహా చెప్పే పండితుడి కన్నా పక్కన కూర్చునే సామాన్యుడు మేలు చేస్తున్నాడన్న ఈ పరిశీలన నుంచే సమారిటన్ల ఉద్యమం రూపొందింది. దాని నియమాలన్నీ వినేవారికే: తీర్పు చెప్పకూడదు, సలహా రుద్దకూడదు, మతం బోధించకూడదు, విన్నది బయటపెట్టకూడదు. ఫోను చేసినవారు ఎలా మాట్లాడాలన్న నియమం దాదాపు లేదు. చెన్నైలో 1986లో మొదలైన స్నేహ, 1990ల చివర హైదరాబాదులో మొదలైన రోష్ని ఈ దారిలోనివే.

మద్యవ్యసనం నుంచి బయటపడదలచినవారి కోసం 1935లో అమెరికాలో ఆరంభమైన అనామక బృందాలు మరో మర్యాదను స్థిరపరచాయి. పేరు బయటపెట్టకపోవడం, ఒకరు చెప్పేటప్పుడు మరొకరు వ్యాఖ్యానించకపోవడం, ఎవరి అనుభవం వారే చెప్పడం వాటిలో ముఖ్యమైనవి. శోకంలోని పద్ధతికీ దీనికీ ఉన్న పోలిక ఆశ్చర్యకరం. రెండింటిలోనూ ఒక మనిషి దుఃఖానికి జవాబు మరో మనిషి దుఃఖమే. వాటి మధ్య తేడా గోప్యతలో ఉంది. ఊరి శోకం బహిరంగం, అందుకే ఊరికి లొంగి ఉండవలసిందే. పేరు దాచుకునే వీలు లేని పల్లెలో తాగుబోతు అన్న ముద్ర జీవితాంతం ఉంటుంది.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు ఈ లోటు బయటపడింది. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడి, అది అకస్మాత్తుగా ఆగిపోయిన నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల కూలీలు, రైతులు వణుకుతో, మతిభ్రమతో ఆసుపత్రులకు పరుగెత్తారు. వార్తల్లో 'వింత ప్రవర్తన' అనే మాట మార్మోగింది. అది మందు ఆగినప్పుడు శరీరం చూపే లక్షణం. దాన్ని వింతగా చూపడం వినడానికి బదులు చూడడం. జిల్లా మానసికారోగ్య కార్యక్రమం మొదలై అప్పటికి రెండు దశాబ్దాలు కావస్తోంది.

తెలుగునేల మీద ఈ రెండు దారులను కలిపిన ప్రయత్నాల్లో 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైన కిసాన్ మిత్ర ముఖ్యమైనది. జిల్లా యంత్రాంగమూ స్వచ్ఛంద సంస్థా కలిసి నడిపిన ఈ ఫోను సేవలో రైతు బాధ వినడంతోపాటు ఆ బాధకు మూలమైన పాసుపుస్తకం చిక్కునో బ్యాంకు రుణాన్నో సంబంధిత కార్యాలయానికి చేర్చే ఏర్పాటు ఉంది. రంది మనసులోనిది మాత్రమే కాదని గుర్తించిన మర్యాద ఇది. పట్టా కాగితం రాక రంది పడుతున్న మనిషికి ఊపిరి నెమ్మదిగా పీల్చమని చెప్పడం ఎంత సౌమ్యంగా చెప్పినా అమర్యాదే.

నేరం నుంచి ఒత్తిడికి

భారత శిక్షాస్మృతి 309వ విభాగం ప్రకారం ఆత్మహత్యాయత్నం ఏడాది వరకు ఖైదు విధించదగిన నేరం. ఆ విభాగం రాజ్యాంగబద్ధమేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1980ల చివర చెన్న జగదీశ్వర్ కేసులో తీర్పునిచ్చింది. 1994లో సుప్రీంకోర్టు ఆ విభాగాన్ని కొట్టివేసి, 1996లో మరో తీర్పుతో నిలబెట్టింది. నేరమైన చోట ఎవరూ నోరు విప్పరు. బతికి బయటపడినవారు ఆసుపత్రిలో పొరపాటున జరిగిందనే చెప్పవలసి వచ్చేది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ విభాగంలో, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి శిక్ష నుంచి మినహాయించింది. అదే చట్టం రోగి సమాచారాన్ని గోప్యంగా ఉంచడాన్ని హక్కు చేసింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైన సాధారణ విభాగం లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి నిలువరించడానికి చేసే యత్నం మాత్రం ఇంకా నేరమే. ఆ మినహాయింపు గమనార్హం. దుఃఖంతో చేసినదాన్ని చట్టం మన్నించింది. అధికారి ఎదుట కోపంతో చేసినదాన్ని మన్నించలేదు.

పునరావాస కాలనీలో

కొమురవెల్లి మల్లన్నసాగర్ జలాశయాన్ని 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. 50 టీఎంసీల ఆ జలాశయం కోసం తొగుట, కొండపాక మండలాల్లోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి గ్రామాల వారికి గజ్వేల్ శివారులోని ముట్రాజ్‌పల్లి ప్రాంతంలో పునరావాస కాలనీ నిర్మించారు. వేములఘాట్ ప్రజలు దీర్ఘకాలం రిలే దీక్షలు చేశారు. ఆ దీక్షాశిబిరం నిరసనస్థలం మాత్రమే కాదు, ఒకరి రంది మరొకరు విన్న చోటు కూడా. కాలనీకి వచ్చాక పరిహారం, అర్హత, వయసు లెక్కలపై తగాదాలు మిగిలాయి. ఇల్లు వచ్చింది. అరుగు, చావడి, వాడకట్టు వెంట రాలేదు. చావు జరిగినప్పుడు నీళ్లచెంబు పట్టుకుని ముందుకు వచ్చి 'ఊకో' అనగలిగిన పెద్దామె ఇప్పుడు ఏ వీధిలో ఉందో వెతుక్కోవాలి.

ఇటువంటి చోటికి నేడు అందుబాటులో ఉన్న సేవల్లో ముఖ్యమైనది 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ తెలుగు అన్నది మాత్రం శిక్షణలో తేలవలసిన విషయం. ప్రశ్నావళులు, శిక్షణ పాఠాలు పత్రికాభాషలో తయారైతే 'కుంగుబాటుగా ఉందా' అన్న ప్రశ్నకు గజ్వేల్ స్త్రీ లేదనే చెప్పవచ్చు. 'రంది ఉందా' అంటే గంటసేపు మాట్లాడవచ్చు. 'నిన్నెవరన్నా పట్టించుకుంటున్నారా' అని అడిగితే ఆమె 'మమ్ముల మందలిచ్చెటోళ్లే లేరు' అనవచ్చు. గుంటూరులోనో విశాఖపట్నంలోనో చదువుకుని వచ్చిన శ్రోత ఆ మాటను తమను తిట్టేవారెవరూ లేరని గ్రహించి, ఇంట్లో సమస్య లేదని రాసుకునే ప్రమాదముంది. మాండలిక పదకోశాలు తెలుగు శాఖలలో ఎన్నో తయారయ్యాయి. వృత్తిపదాలు, వ్యవసాయ పదాలు, వంటింటి పదాలు సేకరణకు నోచుకున్నాయి. రంది, మనాది, బుగులు, మందలించు, ఊకో వంటి మాటలు ఏ మండలంలో ఏ అర్థఛాయతో, ఎవరు ఎవరితో అంటారో చూపే కోశం ఒకటి ఫోను ఎత్తేవారి బల్లమీద ఉండవలసి ఉంది.